సర్వీస్ నడుస్తోంది, గడియారం మాత్రం వెనకబడుతోంది

ప్రశ్న: మా ఆఫీసు నెట్‌వర్క్‌లో మెషిన్లకు టైమ్ ఇచ్చేది ఒక లినక్స్ సర్వర్. అది వర్చువల్ మెషిన్, అంటే హోస్ట్ అనే పెద్ద మెషిన్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మెషిన్. లాగిన్ సర్వర్ కూడా దాని నుంచే టైమ్ తీసుకుంటుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్‌లో టైమ్ పంచుకునే పద్ధతి) ప్రకారం గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీడీ సర్వీస్ ఎప్పుడు చూసినా రన్నింగ్ అనే చూపిస్తుంది. అయినా గడియారం రోజుకు నిమిషం పైనే వెనకబడుతోంది. చేత్తో సరిచేస్తే మర్నాటికల్లా ఫోన్‌లోని ఆథెంటికేటర్ కోడ్ చెల్లడం మానేస్తుంది. నాలుగైదు రోజులకు కొందరికి లాగిన్ కూడా ఆగిపోతుంది, మిగతావాళ్లకు బాగానే అవుతుంది. ఒక్కసారి టైమ్ అడిగి సరిచేసే ఎన్‌టీపీడేట్ కమాండ్‌ని యూ ఆప్షన్‌తో నడిపి చూస్తే బయటి సర్వర్ సరైన టైమే ఇస్తోంది, కాబట్టి నెట్‌వర్క్‌లో తప్పు లేదనుకుంటున్నాను. ఎన్‌టీపీడీ పరిస్థితి చూపే ఎన్‌టీపీక్యూ కమాండ్ ఇచ్చిన పట్టిక జత చేశాను, అందులో నక్షత్రం గుర్తు కూడా ఉంది. టైమ్‌జోన్ తప్పని ఒకరు, బ్యాటరీ పోయిందని ఇంకొకరు అంటున్నారు. ఇదంతా ఎందుకు, గంటకోసారి ఎన్‌టీపీడేట్ నడిచేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సర్వీసులో) పెట్టేయమని మా మేనేజర్ మాట. పెట్టేయనా? డేటాబేస్ కూడా ఇదే మెషిన్‌లో ఉంది, రోజూ రాత్రి స్నాప్‌షాట్ (మెషిన్ ఆ క్షణంలో ఉన్న స్థితికి కాపీ) బ్యాకప్ నడుస్తుంది.

జవాబు: పెట్టొద్దు. కారణం తర్వాత చెబుతాను. ముందు మీరు పంపిన పట్టిక సంగతి చూద్దాం, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

పట్టికలో రెండు వరుసలున్నాయి. మొదటిది బయటి సర్వర్. దానికి స్ట్రాటమ్ (అసలు గడియారానికి ఎన్ని మెట్ల దూరమో చెప్పే సంఖ్య) 16, రెఫ్‌ఐడీ (అది ఎవరి నుంచి టైమ్ తీసుకుంటోందో చెప్పే) గడిలో ఇనిట్, అంటే ఇంకా మొదలే కాలేదని, రీచ్ (జవాబులు అందాయా అన్న లెక్క) 0. రెండోది లోకల్ అనే పేరుతో ఉంది. స్ట్రాటమ్ 10, రీచ్ 377. మీకు ధైర్యమిచ్చిన నక్షత్రం ఈ రెండో వరుస ముందుంది. ప్రస్తుతం ఏ గడియారాన్ని అనుసరిస్తున్నదో చెప్పడమే నక్షత్రం పని. లోకల్ అంటే వేరే ఎవరో కాదు, ఆ మెషిన్ సొంత గడియారమే. తనను తానే చూసుకుని అంతా సవ్యంగా ఉందని మీ సర్వర్ అనుకుంటోంది. ఆఫ్‌సెట్ (గడియారాల మధ్య తేడా) గడిలో సున్నా ఉండటంలో వింతేముంది, తనతో తనకు తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదెక్కడి నుంచి వచ్చిందంటే, ఎన్‌టీపీడీ కాన్ఫిగ్ ఫైల్లో సొంత గడియారాన్ని సూచించే 127.127.1.0 అనే అడ్రస్‌తో ఒక సర్వర్ లైను, దాని కింద ఆ గడియారానికి స్ట్రాటమ్ పెట్టే ఫడ్జ్ అనే లైను ఉంటాయి. చాలా ఏళ్లపాటు నమూనా ఫైళ్లలో ఈ రెండు లైన్లూ తిరిగాయి. ఇంటర్నెట్ లింక్ పడిపోయినా లోపలి మెషిన్లన్నీ కనీసం ఒకే టైమ్‌లో ఉండాలని వాటిని పెట్టేవారు. ఉద్దేశం మంచిదే. కానీ బయటి సర్వర్ అసలు అందకపోయినా క్లయింట్లకు మాత్రం నేను సింక్‌లోనే ఉన్నాను, నా స్ట్రాటమ్ 11 అని ఇది చెబుతూ పోతుంది. శాటిలైట్ రిసీవర్ లేదా అణు గడియారం నేరుగా తగిలించిన సర్వర్‌ది స్ట్రాటమ్ 1, అక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఒకటి పెరుగుతూ 15 దాకా వెళ్తుంది. 16 అంటే సింక్ లేదని. ఆ లోకల్ లైను లేకపోయి ఉంటే మీ సర్వర్ నిజాయితీగా 16 అని చెప్పేది, క్లయింట్లు దాన్ని నమ్మేవి కావు, మీకు మొదటి రోజే విషయం తెలిసేది.

కొందరికే లాగిన్ ఎందుకు ఆగుతోందన్నది కూడా దీంతోనే తేలిపోతుంది. మీ సర్వర్‌ని నమ్ముకున్న మెషిన్లు, లాగిన్ సర్వర్‌తో సహా, అన్నీ కలిసి ఒకే లెక్కన వెనకబడుతున్నాయి. వాటి మధ్య తేడా లేదు కాబట్టి వాటికి ఇబ్బందీ లేదు. బయటి నుంచి సొంతంగా టైమ్ తెచ్చుకునే ల్యాప్‌టాప్‌లు సరైన టైమ్‌లో ఉన్నాయి, అందుకే వాటిని లాగిన్ సర్వర్ తిప్పి పంపుతోంది. ఇలాంటి లాగిన్ సర్వర్లు వాడే కెర్బరోస్ అనే పద్ధతి మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. రోజుకు నిమిషం పైన పోతే నాలుగైదు రోజులకు ఆ గీత దాటుతారు. ఆథెంటికేటర్ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, సర్వర్లు సాధారణంగా అటో ఇటో ఒక కోడ్ వరకే సర్దుకుంటాయి. అందుకే అది మర్నాడే మొరాయిస్తోంది. విచిత్రం ఏమిటంటే, మీ దగ్గర లాగిన్ కానివాళ్ల గడియారాలే కరెక్టుగా ఉన్నాయి.

ఇక బయటి సర్వర్ ఎందుకు అందడం లేదు? రీచ్ అనేది ఎనిమిది బిట్ల సంఖ్య, ఆక్టల్‌లో (0 నుంచి 7 దాకా అంకెలతో) రాస్తారు. ఒక్కో పోల్‌కి, అంటే టైమ్ అడిగిన ఒక్కోసారికి, ఒక్కో బిట్. చివరి ఎనిమిది సార్లూ జవాబు వస్తే 377, ఈ ఒక్కసారే తప్పితే 376, అసలు రాకపోతే 0. పోల్ వ్యవధి 64 సెకన్లయితే ఎనిమిది పోల్స్‌కి ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. కాబట్టి సర్వీస్ రీస్టార్ట్ చేసి పది సెకన్లలో పట్టిక చూసి టెన్షన్ పడొద్దు. మీది మాత్రం రోజుల తరబడి నడిచాక కూడా 0, అంటే ఒక్క జవాబు కూడా లెక్కలోకి రాలేదు.

ఎన్‌టీపీడేట్‌కి జవాబు వచ్చింది కదా అంటారు. మీరు యూ ఆప్షన్ వాడారు, కిటుకు అక్కడే ఉంది. ఆ ఆప్షన్ ఇస్తే అడిగేవాడు తన వైపు ఏదో ఒక పెద్ద నంబరు పోర్ట్ వాడతాడు. ఎన్‌టీపీడీ అలా కాదు. అవతల యూడీపీ 123 (ఎన్‌టీపీకి కేటాయించిన పోర్ట్), ఇవతల తన వైపు కూడా 123నే వాడుతుంది. 2013, 2014లో మాన్‌లిస్ట్ అనే ఎన్‌టీపీ కమాండ్‌ని అడ్డం పెట్టుకుని భారీ దాడులు జరిగాయి, ఆ తర్వాత 123 పోర్ట్ ట్రాఫిక్ మీద కత్తెర వేసిన నెట్‌వర్కులు చాలా ఉన్నాయి. 123 నుంచి 123కి వెళ్లే ప్యాకెట్‌ని ఆపి, వేరే పోర్ట్ నుంచి వెళ్లేదాన్ని వదిలేసే ఫైర్‌వాల్ ఉంటే మీరు రాసిన లక్షణాలే కనిపిస్తాయి. ఒకటి పనిచేసి ఇంకొకటి పనిచేయకపోవడంతో నెట్‌వర్క్ మీద అనుమానం పోతుంది, మనిషి వేరే చోట వెతుక్కుంటాడు.

ఊహించడం మానేసి, వచ్చిపోయే ప్యాకెట్లని చూపే టీసీపీడంప్‌తో యూడీపీ 123 ట్రాఫిక్ ఐదు నిమిషాలు చూడండి. అడిగే ప్యాకెట్లు వెళ్తూ జవాబులు ఒక్కటీ రాకపోతే అడ్డు బయట ఉంది, అంటే మీ ఫైర్‌వాల్, రూటర్ లేదా ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు. జవాబులు వస్తున్నా రీచ్ 0లోనే ఉంటే అడ్డు మెషిన్‌లోనే ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. లోపలికి వచ్చే ప్యాకెట్ టీసీపీడంప్‌కి కనిపించాకే ఆ మెషిన్ సొంత ఫైర్‌వాల్ దగ్గరికి వెళ్తుంది. కాబట్టి టీసీపీడంప్‌లో కనిపించినంత మాత్రాన ఎన్‌టీపీడీకి చేరినట్టు కాదు. ఐపీటేబుల్స్ (ఆ ఫైర్‌వాల్) నియమాలు చూడండి, ఎవరి ప్యాకెట్లు ఒప్పుకోవాలో చెప్పే రెస్ట్రిక్ట్ లైన్లు ఎన్‌టీపీ కాన్ఫిగ్‌లో ఉంటాయి, అవి కూడా చూడండి. డిఫాల్ట్‌కి ఇగ్నోర్ అని రాసి, అడగాల్సిన సర్వర్లకు మినహాయింపు ఇవ్వడం మరిచిపోయిన ఫైళ్లు తరచూ కనిపిస్తాయి.

దారి తెరుచుకోగానే అంతా కుదురుకుంటుందని మాత్రం అనుకోకండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది రోజుకు నిమిషం అన్న మాట. అది మరీ ఎక్కువ. కంప్యూటర్ గడియారాల వేగంలో తేడాని పీపీఎంలలో కొలుస్తారు, అంటే పది లక్షలకు ఇన్ని పాళ్లని. ఒక పీపీఎం తేడా రోజుకు 0.0864 సెకను. గడియారాన్ని నడిపే మామూలు క్వార్ట్జ్ స్ఫటికం కొన్ని పదుల పీపీఎం అటూ ఇటూ ఉంటుంది. 50 పీపీఎం అనుకున్నా రోజుకు నాలుగు సెకన్ల చిల్లర. మీది రోజుకు 60 సెకన్లంటే దాదాపు 700 పీపీఎం. ఎన్‌టీపీడీ గడియారం వేగాన్ని 500 పీపీఎం వరకే మార్చగలదు, రోజుకు 43 సెకన్లు. మిగతా 17 సెకన్లు దాని చేతికి అందవు. అంటే బయటి సర్వర్ చక్కగా అందుతున్నా తేడా 128 మిల్లీసెకన్లు దాటడం, ఎన్‌టీపీడీ కాసేపు ఆగి చూసి గడియారాన్ని ఒక్క ఉదుటున జరపడం, మళ్లీ అదే కథ. లాగ్ నిండా టైమ్ రీసెట్ లైన్లే కనిపిస్తాయి.

స్ఫటికం అంత తప్పు చేయదు కాబట్టి ఆ నిమిషం ఎక్కడ పోతోందో కనిపెట్టాలి. దానికి మొత్తం తేడా ఎంతన్నది పనికిరాదు, ఆ తేడా ఎలా పెరిగిందన్నది కావాలి. గంటకు రెండున్నర సెకన్ల చొప్పున నిలకడగా పెరిగిందా, లేక ఏదో ఒక వేళ ఒకేసారి పెరిగి మిగతా రోజంతా కదలకుండా ఉందా? రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. మీరు క్రాన్‌లో పెట్టాలనుకున్న ఎన్‌టీపీడేట్ ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే క్యూ, యూ ఆప్షన్లతో పెట్టండి. క్యూ ఇస్తే అడుగుతుందే తప్ప గడియారాన్ని ముట్టుకోదు. గంటకోసారి జవాబుని ఒక ఫైల్లోకి రాయించండి. ఆ ఒక్క రోజూ ఎవరూ చేత్తో టైమ్ దిద్దకుండా చూడండి. సమస్య ముదిరినప్పుడల్లా ఎవరో ఒకరు టైమ్ సరిచేసేయడం వల్లే ఇలాంటివి నెలల తరబడి తేలవు.

తేడా నిలకడగా పెరుగుతూ ఉంటే మొదట డ్రిఫ్ట్ ఫైల్ తెరవండి. గడియారం వేగానికి ఎంత దిద్దుబాటు కావాలో ఎన్‌టీపీడీ అందులో ఒక సంఖ్యగా రాసుకుంటుంది. అక్కడ ప్లస్ లేదా మైనస్ 500 కనిపిస్తే ఎప్పుడో ఒకసారి లెక్క తప్పి హద్దుకు అతుక్కుపోయిందని అర్థం. బయటి నుంచి దిద్దేవాళ్లు లేనప్పుడు ఆ తప్పు దిద్దుబాటే గడియారాన్ని రోజుకు 43 సెకన్లు పక్కకు లాగుతుంది. సర్వీస్ ఆపి, ఫైల్ తీసేసి, మెషిన్‌ని రీబూట్ చేయండి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. డ్రిఫ్ట్ ఫైల్లో మామూలు సంఖ్యే ఉంటే కెర్నల్ ఏ క్లాక్‌సోర్స్ (కాలం లెక్కించడానికి ఆధారం) వాడుతోందో చూడండి. సిస్ డైరెక్టరీలో కరెంట్ క్లాక్‌సోర్స్ అనే ఫైల్లో ఉంటుంది. కేవీఎం అనే హోస్ట్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే మెషిన్‌లో కేవీఎం-క్లాక్ ఉండటం మామూలు. ఏసీపీఐ పీఎం అనే టైమర్ లాంటిది కనిపిస్తే ఎవరో బూట్ ఆప్షన్లలో ఏదో మార్చి ఉండాలి, లేదా టీఎస్‌సీ (ప్రాసెసర్‌లోని కౌంటర్) నమ్మదగ్గది కాదని కెర్నలే పక్కన పెట్టి ఉండాలి. రెండో సందర్భంలో కెర్నల్ మెసేజ్‌లు చూపే డీమెస్‌జీలో ఆ విషయం రాసి ఉంటుంది.

తేడా మెట్టులా ఒకేసారి పెరిగితే, ఆ మెట్టు మీ రాత్రి బ్యాకప్ వేళకే పడితే, ఇక వెతకక్కర్లేదు. స్నాప్‌షాట్ తీసేటప్పుడు వర్చువల్ మెషిన్ కాసేపు ఆగిపోతుంది, మెమరీతో సహా తీస్తే ఇంకాస్త ఎక్కువసేపు. ఆ ఆగిన కాలం లోపలి గడియారానికి తెలియదు. మెమరీ లేకుండా స్నాప్‌షాట్ తీయగలరేమో బ్యాకప్ చూసుకునేవాళ్లని అడగండి. నా మటుకు నేను టైమ్ ఇచ్చే పనిని అసలు వర్చువల్ మెషిన్‌కి అప్పగించను. ఏ మూలనో ఖాళీగా ఉన్న పాత భౌతిక మెషిన్ చాలు, ఎన్‌టీపీకి పెద్ద బలం అక్కర్లేదు. డేటాబేస్, టైమ్ సర్వీస్, రాత్రి స్నాప్‌షాట్ మూడూ ఒకే చోట ఉండటం నాకు నచ్చలేదని మీ మేనేజర్‌కి చెప్పండి.

వర్చువల్ మెషిన్ల విషయంలో ఇంకొకటి. కింద ఉన్న హోస్ట్ కూడా లోపలి గడియారాన్ని దిద్దుతూ ఉండొచ్చు. వీఎంవేర్ టూల్స్‌లో ఎప్పటికప్పుడు సింక్ చేసే ఆప్షన్‌ని ఆపేసినా, స్నాప్‌షాట్, రెజ్యూమ్ లాంటి సందర్భాల్లో ఒకసారి హోస్ట్ టైమ్ తెచ్చి పెట్టే అలవాటు మిగిలే ఉంటుంది. హైపర్-వీలోనూ ఇలాంటి సర్వీసు ఉంది. హోస్ట్ టైమ్ తప్పయితే ఎన్‌టీపీ ఒకవైపు, హోస్ట్ ఇంకోవైపు లాగుతాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. గడియారాన్ని దిద్దే అధికారం ఒక్కరికే ఇవ్వండి, హోస్ట్ గడియారాన్ని కూడా ఎన్‌టీపీతో సరిగ్గా ఉంచండి. టైమ్‌సింక్‌డీ, క్రోనీ, ఎన్‌టీపీడీ మూడూ ఇదే పని చేసే సర్వీసులు, వాటిలో ఏ రెండూ ఒకే మెషిన్‌లో కలిసి నడవకూడదు. డిస్ట్రిబ్యూషన్ అప్‌గ్రేడ్ చేశాక ఇలా రెండు మిగిలిపోవడం మామూలే.

టైమ్‌జోన్, బ్యాటరీ వాదనని ఇక్కడితో ఆపేయొచ్చు. ఎన్‌టీపీ మోసుకొచ్చేది యూటీసీని (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్‌ని) మాత్రమే, జోన్ సంగతి దానికి తెలియదు. జోన్ తప్పయితే తేడా సరిగ్గా గంటల్లోనో, అరగంట, పావుగంట లెక్కల్లోనో ఉంటుంది, పైగా రోజురోజుకూ పెరగదు. బ్యాటరీ ఉపయోగం కరెంటు లేనప్పుడే. అసలు వర్చువల్ మెషిన్‌కి బ్యాటరీ ఎక్కడుంది?

మందు విషయానికొస్తే, నేనైతే ఎన్‌టీపీడీని తీసి క్రోనీ పెడతాను. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి ఎన్‌టీపీ ప్యాకేజీయే లేదు, క్రోనీ ఒక్కటే. మీకు దీంతో రెండు లాభాలు. క్రోనీ బయటికి అడిగేటప్పుడు తన వైపు 123 కాకుండా వేరే పోర్ట్ వాడుతుంది, కాబట్టి మీ ఫైర్‌వాల్ గొడవ చాలావరకు దానంతటదే తప్పిపోవచ్చు. 500 పీపీఎం హద్దు కూడా లినక్స్‌లో క్రోనీకి లేదు, తనకున్న హద్దు చాలా పెద్దది. అలాగని క్లాక్‌సోర్స్‌నో స్నాప్‌షాట్‌నో వదిలేయకండి.

బయటి సర్వర్లు ఒకటి కాదు, నాలుగు పెట్టండి. ఒక్కటే ఉంటే అది తప్పు చెప్పినా నమ్మాలి. రెండుంటే, అవి వేర్వేరు టైమ్‌లు చెప్పినప్పుడు ఎవరిది నిజమో తేలదు. మూడుంటే తప్పుడు గడియారాన్ని పట్టుకోవచ్చు, నాలుగుంటే ఒకటి అందని రోజున కూడా పట్టుకోవచ్చు. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8633 (ఎన్‌టీపీ వాడకం మీద మార్గదర్శక పత్రం) కూడా నాలుగనే చెబుతుంది. లీప్ సెకన్‌ని (భూమి తిరిగే వేగంతో సరిపోవడానికి యూటీసీకి అప్పుడప్పుడు కలిపే సెకన్‌ని) ఒకేసారి కలపకుండా రోజంతా కొద్దికొద్దిగా పూసే గూగుల్ లాంటి సర్వర్లని మామూలు సర్వర్లతో కలపకండి. 2016 డిసెంబరు 31 తర్వాత లీప్ సెకన్ రాలేదు, కానీ వచ్చిన రోజున ఆ రెండు రకాల మధ్య అర సెకను దాకా తేడా వస్తుంది. ప్రతి సర్వర్ లైనుకీ, మొదట్లో త్వరగా సింక్ అయ్యేలా చేసే ఐబర్స్ట్ ఆప్షన్ ఇవ్వండి. మేక్‌స్టెప్ 1.0 3 అని ఒక లైను (మొదటి మూడు దిద్దుబాట్లలో తేడా సెకను దాటితే ఒక్కసారిగా జరపమని), ఆర్‌టీసీసింక్ ఒక లైను (హార్డ్‌వేర్ గడియారాన్నీ సరిచేస్తూ ఉండమని) రాయండి. క్రోనీ తనంతట తాను ఎవరికీ టైమ్ ఇవ్వదు, మీ నెట్‌వర్క్ అడ్రస్‌తో అలౌ లైను రాయాలి. చాలామంది ఇది మరిచిపోయి క్లయింట్లని తిట్టుకుంటారు. పాత లోకల్ లైనుని మాత్రం అలవాటుగా ఇందులోకి తేవద్దు.

ఇప్పటికే వెనకబడిన నిమిషాల మాటేమిటి? ఐదు నిమిషాల తేడాని 500 పీపీఎం వేగంతో మెల్లగా పూడ్చాలంటే ఏడు రోజులు పడుతుంది. మీ గడియారం అంతకంటే వేగంగా వెనకబడుతోంది కాబట్టి ఎప్పటికీ పూడదు. క్రోనీ దాని డిఫాల్ట్ గరిష్ఠ వేగంతో గంటలో పూడుస్తుంది, ఆ గంటా గడియారం ఎనిమిది శాతం వేగంగా నడుస్తుంది. నేనైతే రద్దీ లేని వేళ డేటాబేస్ ఆపి, క్రోనీకి ఆదేశాలిచ్చే క్రోనీసీ కమాండ్‌తో మేక్‌స్టెప్ ఇచ్చి ఒక్కసారిగా ముందుకు జరిపి, డేటాబేస్ మళ్లీ మొదలుపెడతాను. మీ అదృష్టం, గడియారం వెనకబడి ఉంది. ముందుకు జరిపితే ఆ మధ్యలో పడాల్సిన క్రాన్ పనులు తప్పిపోవచ్చు, టైమౌట్లు తొందరగా రావచ్చు, అంతే. వెనక్కి జరపాల్సి వస్తే జరిగిపోయిన నిమిషాలు మళ్లీ వస్తాయి. అప్పుడు ముందు రాసిన రికార్డు తర్వాత రాసినదాని కంటే కొత్తగా కనిపిస్తుంది.

గంటకోసారి ఎన్‌టీపీడేట్ వద్దన్నది ఇందుకే. అది తేడా అర సెకను దాటితే గడియారాన్ని ఒక్క గెంతు గెంతిస్తుంది. మీ డేటాబేస్ రోజుకు 24 సార్లు ఆ కుదుపు తినాలి. ఎన్‌టీపీడీ నడుస్తుంటే పోర్ట్ ఖాళీ లేదని అది ఊరికే వెనుదిరుగుతుంది, ఆ తర్వాత ఎవరో తెలివిగా ఎన్‌టీపీడీని ఆపి, ఇది నడిపి, మళ్లీ ఎన్‌టీపీడీని లేపే స్క్రిప్ట్ రాస్తారు. ఇక అది ఏ రోజూ కుదురుకోదు. అన్నింటికీ మించి, నిమిషం ఎక్కడ పోతోందో మీకెప్పటికీ తెలియకుండా దాచేస్తుంది.

మార్పులు చేశాక క్రోనీసీ సోర్సెస్ ఇచ్చి నక్షత్రం బయటి సర్వర్ పక్కన ఉందో లేదో చూడండి. క్రోనీసీ ట్రాకింగ్‌లో లీప్ స్టేటస్ నార్మల్ అని ఉండాలి. విండోస్ మెషిన్లలో డబ్ల్యూ32టీఎం కమాండ్‌తో సోర్స్ అడిగితే మీ సర్వర్ పేరు రావాలి. లోకల్ సీఎంఓఎస్ క్లాక్ అని వచ్చిందంటే అక్కడా తనను తానే నమ్ముకునే జబ్బే. సర్వీస్ రన్నింగ్‌లో ఉందా అని చూసే మానిటరింగ్ అలర్ట్ తీసేసి, బయటి సర్వర్‌తో ఆఫ్‌సెట్ 100 మిల్లీసెకన్లు దాటినా, వరుసగా కొన్ని పోల్స్ తప్పినా మెసేజ్ వచ్చేలా మార్చండి.

గంటగంటకూ రాయించిన లెక్కలో నిలకడా లేక, మెట్లూ లేక అడ్డదిడ్డంగా కనిపిస్తే ఆ ఫైల్‌తో పాటు బ్యాకప్ మొదలయ్యే వేళ, ముగిసే వేళ, హోస్ట్ గడియారంలో ఉన్న తేడా కూడా రాసి పంపండి.